చెవి వెనక నీలం

అచ్చుల పెద్దమ్మ అంటే ఆషామాషీ మనిషి కాదు. ఇరవై తొమ్మిదేళ్లు ఒకే రేకుల షెడ్డులో, ఒకే శిల్పి దగ్గర, నూట పద్నాలుగు బొమ్మలకు అచ్చులు పోసిన చెయ్యి ఆమెది. గుర్రం మీద సిపాయికి పదహారు ముక్కల్లో అచ్చు పోసి, అతుకు కనబడకుండా నిలబెట్టింది. ఒక్క ముక్కూ విరగలేదు, ఒక్క వేలూ రాలలేదు. ఆ శిల్పి తోడబుట్టినది కాకపోయినా ఆమెకు అక్కే. ఆడదానికి సుత్తెందుకని నవ్విన రోజుల్లో నిచ్చెనెక్కి నిలువెత్తు బొమ్మలు చేసిన మొదటి మనిషి ఆ అక్క. పోయి పదకొండేళ్లయింది. అప్పటినుంచీ పెద్దమ్మతో బొమ్మల సంగతి ఎత్తినవాళ్లు లేరు.

ఇన్నాళ్లకు మ్యూజియం వాళ్లకు అక్క గుర్తొచ్చింది. ప్రదర్శన ఏర్పాట్లు చూసే అమ్మాయి కారు పంపి పెద్దమ్మను గోదాముకు పిలిపించింది. ఏది అక్క చేసిందో చెప్పగలిగిన మనిషి ఇంకొకరు మిగల్లేదు మరి. ఇరవై రెండు బొమ్మల్ని పెద్దమ్మ టకటకా చెప్పేసింది. ఇరవై మూడోది తల దువ్వుకుంటున్న ఆడమనిషి. దాని పీట మీద అక్కకు పాఠం చెప్పిన మాస్టారి పేరు చెక్కి ఉంది.

"ఇదీ అక్కదే. మా షెడ్డులోనే చేసింది. మాస్టారు తన పేరు చెక్కించుకున్నాడు. ఆ పూట అక్క అన్నం ముట్టలేదు."

"నేను నమ్ముతాను పెద్దమ్మా. కమిటీ నమ్మాలి కదా! రుజువు దొరక్కపోతే రేపే దీన్ని ఇచ్చిన కాలేజీకి తిప్పి పంపేస్తారు," అంటూ ఆ అమ్మాయి బొమ్మల్ని పరీక్షించే నిపుణుణ్ణి తీసుకురావడానికి వెళ్లింది.

పెద్దమ్మ బొమ్మ చుట్టూ తిరిగింది. చెవి వెనక మడతలో ఆవగింజంత నీలం. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

మట్టిబొమ్మకు అచ్చు పోసేటప్పుడు వాళ్లు మొదటి పూతలో బట్టలకు పెట్టే నీలిమందు కలిపేవాళ్లు. దానిపైన తెల్ల ప్లాస్టరు మందంగా వేసేవాళ్లు. లోపలి మట్టి తీసేసి, ఆ ఖాళీలో ప్లాస్టరు నింపి, గట్టిపడ్డాక పైపెంకును పెద్దమ్మ ఉలితో కొట్టెయ్యాలి. నీలం కనబడిందంటే బొమ్మ ఒళ్లు దగ్గరపడిందని గుర్తు. అప్పుడిక చెయ్యి నెమ్మదించాలి. చివరికి నలుసంత నీలం కూడా మిగలకూడదు. మిగిలితే చెక్కినవాళ్ల చేతకానితనమే.

ఎల్లుండి ప్రదర్శనలో పదిమంది చూస్తారు. పెద్దమ్మ కొప్పులోంచి పిన్ను తీసి గీకింది. కొంగు తడిచేసి రెండుసార్లు తుడిచింది.

అమ్మాయి నిపుణుడితో తిరిగొచ్చింది. అతను భూతద్దం తీస్తూ, "మాస్టారి దగ్గర మొదటి పూతకి ఎర్రమట్టి కలిపేవాళ్లు. నీలిమందు వాడింది మీ షెడ్డొక్కటే, మీ అక్కగారి ఉత్తరాల్లో ఉంది. ఎక్కడైనా నలుసు నీలం దొరికితే చాలండీ, పేరు మార్పించేస్తాం," అన్నాడు.

భూతద్దం చెవి దగ్గర చాలాసేపు ఆగింది.

"అబ్బ, ఎంత శుభ్రంగా చెక్కారండీ! ఎవరి చెయ్యో గానీ!"

అక్క పోయాక పెద్దమ్మ పనిని మెచ్చుకున్న మొదటి మనిషి అతనే.

"నీలం ఉండింది బాబూ. ఇప్పుడే గీకేశాను." కొంగు చాచి చూపించింది. చీరే నీలం, అందులో ఏ నీలం వెతుకుతారు?

"అయ్యో, ఎందుకు తీశారు పెద్దమ్మా?"

"నా పనిలో మచ్చ కనబడితే నేను ఊరుకుంటానా తల్లీ!"

అమ్మాయి తన జాబితాలో ఇరవై మూడో అంకె కొట్టేసింది. గట్టిగా కోప్పడినా బాగుండేది. "నీ చాదస్తం తగలెయ్యా!" అని చెడామడా తిట్టే హక్కున్న మనిషి ఎదుటి గోడమీద ఫొటోలో సుత్తి పట్టుకుని నవ్వుతోంది.

మర్నాడు పెద్దమ్మ పిలవకుండానే వచ్చింది. వెనక వాకిట్లో బొమ్మను వ్యానెక్కిస్తున్నారు.

"మెడకి తాడెయ్యకు నాయనా, నడుముకెయ్యి," అంది.

"ఎవరు చేసిందేంటి పెద్దమ్మా, అంత జాగ్రత్త?" అన్నాడు కూలీ.

"మా అక్క."

"కాగితంలో ఇంకెవరి పేరో ఉందే?"

"ఉంటుంది. కుదుపుల్లేకుండా పోనివ్వమని డ్రైవరుతో చెప్పు."

గేటు దాకా వ్యాను వెనకే నడిచింది.