శనివారం పూట మిస్ ఒడెస్సా దగ్గర

మిస్ ఒడెస్సా గైథర్ ఇంటికి నేను మొదటిసారి వెళ్లింది, ఉద్యోగం మానేస్తున్నానని చెప్పడానికి.

అప్పటికి నేను డర్హమ్‌లో ఒక చిన్న క్లినిక్‌లో థెరపిస్టుగా చేరి పద్నాలుగు నెలలైంది. మనసు చితికినవాళ్లు వచ్చి కూర్చుంటే వినడం నా పని. పూర్తి లైసెన్సు రావాలంటే అనుభవమున్నవాళ్ల పర్యవేక్షణలో కొంతకాలం పని చేయాలి. అక్కడి థెరపిస్టుల్లో నల్లపిల్లను నేనొక్కదాన్నే. నా సూపర్‌వైజర్ డయాన్ తెల్లావిడ. చెడ్డమనిషి కాదు. కానీ నా మాట ఆమె చెవిదాకా వెళ్లి అక్కడే ఆగిపోయేది.

"నీ దగ్గరికొచ్చేవాళ్లతో మరీ కలిసిపోతున్నావు వెనీషా" అనేది.

చిక్కు మా నల్లవాళ్లలోనే ఒక పెద్దాయన దగ్గర వచ్చింది. హోసియా అనుకుందాం; అసలు పేరు చెప్పకూడదు. డెబ్బై మూడేళ్లు, సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. చలికాలంలో భార్య పోయింది. కూతురు పోరు పెడితే మా దగ్గరికి వచ్చాడు. ఆరు వారాలు టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏమడిగినా "బాగానే ఉన్నానమ్మా" అనడం, కళ్లు మూసుకుని ఏదో కూనిరాగం తీయడం. అంతే.

"సహకరించడం లేదని రాసి ఫైలు మూసెయ్. బయట ఎంతమంది ఎదురుచూస్తున్నారో తెలుసుగా" అంది డయాన్.

నాకు చెయ్యి రాలేదు. ఈ పనికి నేను తగనేమో అనిపించింది. ఆ వారమే ఒక స్నేహితురాలు, పెద్దతరం థెరపిస్టు మిస్ ఒడెస్సా చిరునామా ఇచ్చింది.

మిస్ ఒడెస్సా ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో, ఆవిడకు పని నేర్పినవాళ్లెవరూ ఆవిడ పెరిగిన వీధిలో అడుగైనా పెట్టినవాళ్లు కారు. రెండుసార్లు విసిగి మానేసింది. ఒకసారి ఏడాదిపాటు మేజోళ్ల మిల్లులో పనిచేసి తిరిగొచ్చింది. తనలాంటి నల్లపిల్ల మరొకతె ఒంటరిగా చేతులెత్తేయకూడదని, ముప్పై ఏళ్లుగా ప్రతి శనివారం తన వంటింటి బల్ల మా కోసం ఖాళీగా ఉంచింది.

నేను వెళ్లేసరికి చిక్కుడు గింజలు ఒలుస్తోంది.

"తిన్నావా?"

"తినాలనిపించలేదండీ."

"అనిపించిందా అని అడగలేదు నేను." మొక్కజొన్న రొట్టె, ఉడికిన ఆకుకూర నా ముందు పెట్టింది.

మానేస్తానని చెప్పాను.

"మానెయ్. ఆ పెద్దాయన సంగతి చెప్పి మరీ మానెయ్. మాట రానప్పుడు ఏం చేస్తాడు?"

"ఏదో రాగం తీస్తాడు."

"ఏదో ఏంటి? చర్చిలో పెరిగినదానివేనా నువ్వు?"

రెండు చరణాల మేర రాగం తీసి వినిపించాను. మా చర్చిల్లో సమాధి దగ్గర పెద్దలు ఎత్తుకునే రాగం అది. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"ఓసి పిచ్చిపిల్లా! ఆరు వారాలుగా ఆయన చెబుతూనే ఉన్నాడు. మనవాళ్లకు మాట దొరకనప్పుడు అదేగా మాట. నీకు తెలీదూ?"

"తెలుసు."

"మరి?"

"క్లినిక్‌లో ఆ రాగం మాట ఎత్తితే బాగోదేమో అనుకున్నాను. కాలేజీలో అలా నేర్పలేదు."

"అంటే నీకు తెలిసిందంతా కోటుతో పాటు కొక్కేనికి తగిలించి లోపలికి పోతున్నావన్నమాట."

ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు, ఆపమనీ అనలేదు. మళ్లీ గింజలు ఒలుస్తూ అడిగింది: "ఆయన రాగం తీస్తుంటే నీకెవరు గుర్తొస్తారు?"

"మా నానమ్మ. కిందటి వేసవిలో పోయింది."

"అదీ సంగతి. ఆయన నీ ముందు కూర్చునే ఆ గంటసేపు ఆయనది తల్లీ. నీ ఏడుపు ఈ బల్ల దగ్గరికి తెచ్చుకో. అక్కడికి పట్టుకెళ్లకు."

గురువారం హోసియా వచ్చాడు. రాగం మొదలుపెట్టగానే నేను కింది స్థాయిలో మెల్లగా గొంతు కలిపాను. ఆయన చటుక్కున కళ్లు తెరిచాడు. తప్పు చేశాననుకున్నాను.

"ఆ కింది గొంతు మా ఎర్నెస్టీన్‌ది" అన్నాడు. "నలభై ఏళ్లు నా పక్కన నిలబడి పాడింది." చాలాసేపు టోపీ అంచు తడిమాడు. "ఆసుపత్రిలో ఆఖరి రోజు నన్ను పాడమంది. నర్సులు వింటారని సిగ్గుపడ్డానమ్మా. పాడలేదు."

ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. నా కన్నీళ్లు నేను శనివారం దాకా ఆపుకున్నాను.

ఆ శనివారం మిస్ ఒడెస్సా ఇచ్చిన సలహా ప్రకారం, జరిగిందంతా రాసి డయాన్ ముందు పెట్టాను. ఆమె రెండుసార్లు చదివింది. "ఏ రాగమని నేను అడగనేలేదు" అంది. ఫైలు మూయలేదు. నా శనివారాలను కూడా పర్యవేక్షణలో భాగంగా చూపించడానికి పై వాళ్లతో తనే మాట్లాడింది. ఆ తర్వాత కూడా మీటింగుల్లో నా మాటకు అడ్డొస్తూనే ఉండేది. అయితే "చెప్పు వెనీషా, ఏదో అంటున్నావు" అని వెనక్కి రావడం నేర్చుకుంది.

వసంతంలో హోసియా భార్య సమాధి దగ్గరికెళ్లి గొంతెత్తి పాడాడట. గడ్డి కోసేవాడు మిషను ఆపి నిలబడ్డాడని నవ్వుతూ చెప్పాడు.

అక్టోబరులో నాకు లైసెన్సు వచ్చింది. కాగితం చూపిస్తే మిస్ ఒడెస్సా తలుపు దగ్గరగా వేసి నా ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు నువ్వు నా మాట విను. ఫిలడెల్ఫియాలో ఉన్న మా చెల్లి మతిమరుపు జబ్బుతో నన్ను కూడా గుర్తుపట్టడం లేదు. ఎవరికీ చెప్పుకోలేదు."

ఆ మధ్యాహ్నమంతా ఆవిడ చెప్పింది, నేను విన్నాను. చివర్లో కళ్లు తుడుచుకుంటూ లేచి, "బాగానే వింటావు. ఓదార్చడానికే కాస్త తొందరెక్కువ" అంది.