ట కింద న ఒత్తు

మొన్న బందరులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు నిలబడితే సోల్డరింగ్ పొగ ముక్కుకు తగిలింది. అంతే, మా వీధి చివర మెహరున్నీసా టీచరుగారి ముందుగది మొత్తం కళ్లముందుకొచ్చేసింది. కాలేజీలో లెక్కలు చెప్పే ఆవిడ మద్రాసు నుంచి విడిభాగాలు తెప్పించి, ఉప్పుగాలికి తలుపులు ఉబ్బిపోయే ఆ ఇంట్లో, వేసవి సెలవులంతా కూర్చుని, ఒక్కో ముక్కా సోల్డరింగ్ చేసి అతికిస్తూ కంప్యూటరు తయారుచేశారు. మా వీధి చూసిన మొదటి కంప్యూటరు అదే!

ఆవిడ పంతం ఒకటే: అది తెలుగు రాయాలి. గళ్ల కాగితం మీద ఒక్కో అక్షరానికి ఏ గడులు నింపాలో మా ఆడపిల్లల చేత రంగు పెన్సిళ్లతో దిద్దించేవారు. రంజాన్ సాయంత్రాల్లో వాళ్లమ్మగారు పెట్టే ఖర్జూరాలూ సేమ్యా పాయసమూ తింటూ, జిగురు వేళ్లతో కాగితాలు ముట్టుకున్నందుకు తిట్లూ తింటూ, అక్షరాలన్నీ నింపేశాం. ఒత్తుల దగ్గరే చిక్కొచ్చింది.

మా తాతయ్య రత్నంగారు ప్రెస్సు నడిపేవారు. "సీసం అక్షరాలకి ఒత్తు కూర్చడానికే ప్రాణం పోతుందమ్మా, ఆ పెట్టెకేం తెలుస్తుంది?" అనేవారు.

"నేర్పుతానండీ, చూస్తూ ఉండండి," అనేవారు టీచరుగారు.

ఒత్తు ఒకసారి పక్కకి జారేది, మరోసారి కింది వరుసలో పడేది. కుదిరిందన్న ఆదివారం వీధంతా ఆ గదిలోకి దూరింది. ఆవిడ "మచిలీప" వరకు కొట్టారో లేదో, కరెంటు పోయింది. నేర్చుకున్నదంతా కంప్యూటరు మరిచిపోయింది. కరెంటు వచ్చాక టేప్‌రికార్డరులో క్యాసెట్టు పెట్టి ప్రోగ్రాం మళ్లీ ఎక్కించారు. క్యాసెట్టు తిరుగుతున్నంతసేపూ వచ్చే కీచుమోత ఆగేదాకా మేం ఊపిరి బిగబట్టాం. మళ్లీ కొట్టారు. "మచిలీపట్నం"! ట కింద న ఒత్తు బుద్ధిగా కూర్చుంది!

ఒకటే చప్పట్లు, ఈలలు. తాతయ్య కళ్లజోడు తుడుచుకుని ముందుకు జరిగారు. "నా పేరు కొట్టమ్మాయ్."

"రత్నం" అని పడింది. ఆయన కంప్యూటరు తెర మీద వేలు పెట్టి ఒత్తు తడిమారు. "రేపు ప్రెస్సుకి రా. నా దగ్గరున్న ఒత్తులన్నీ చూపిస్తా. ఒక్కటీ వదలకు," అన్నారు.

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకోవడం అప్పుడే చూశాను.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ప్రెస్సు ఉన్నచోట చెప్పుల షాపు వెలిసింది. తెలుగు అక్షరం కోసం ఊపిరి బిగబట్టేవాళ్లూ లేరు. మా అమ్మాయి కాలేజీ బస్సులోంచి "గుడ్లవల్లేరు దాటాం" అని ఫోనులో కొట్టి పంపిస్తుంది. చదివినప్పుడల్లా చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు నవ్వుతారని ఊరుకుంటాను.