అమ్మ మొక్కు ఫలించింది

గుండె పరీక్షలో ఏదో తేడా కనబడిందని వైద్యుల బోర్డు నన్ను యుద్ధ విమానం నడపకుండా ఆపేసింది. అప్పటికి నేను వాయుసేనలో గ్రూప్ కెప్టెన్ని. ఢిల్లీలో పెద్ద కుర్చీ, పెద్ద బంగళా ఇస్తామన్నారు. తోటివాళ్ళు అదృష్టవంతుడివన్నారు. నాకు ఒళ్ళు మండింది. కుర్చీలో కూర్చోవడానికైతే చిత్తూరులోనే ఏ ఆఫీసులోనో చేరేవాణ్ణి కదా! ఆరునెలలు పోయాక మళ్ళీ పరీక్ష చేయమని అడిగే వీలుంది. ఆ ఒక్క ఆశతో బతుకుతున్నాను. కొండకు నడిచి వెళ్ళి, మళ్ళీ విమానం ఎక్కించు స్వామీ అని మొక్కుకుందామని సెలవు పెట్టి బయలుదేరాను. విమానం ఆపేసిన సంగతి నాయనకు ముందే ఫోన్లో చెప్పాను.

రేణిగుంటలో రైలు దిగి, బస్సు పట్టుకుని, పుత్తూరు దగ్గర మా ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. అమ్మ తలుపు తీసింది. నున్నటి గుండు. చెవుల వెనక గంధం మరకలు ఇంకా పోలేదు. ఆ వయసులో కూడా పిడికిలికి ఇమడని జుట్టు ఆమెది. గాల్లో ఇంజను ఆగిపోయినరోజు కూడా నేను అంత బెదరలేదు.

“ఏందిమా ఇది?” అన్నాను ఎలాగో.

“సామి నా మొర ఇన్న్యాడు నాయనా! నువ్వు ఇంక ఇమానం తోలే పన్లేదంట గదా!”

ఆమె ముఖంలో అంత సంతోషం నా పెళ్ళప్పుడు కూడా చూడలేదు.

“ఎప్పుడు మొక్కుకున్నావు?”

“నువ్వు మొదట ఇమానమెక్కిన దినమే. నా బిడ్డను కిందికి దించు సామీ, మా ఇద్దురి తలా ఇస్తామని. నాకు ఉండబట్టలా, నాది ఇచ్చేసి వస్తి. నీది మిగిలుండాది.”

అరుగు మీద కూలబడ్డాను. యూనిఫాంలో ఉన్న నా ఫోటోను ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయిన మనిషి ఈమె. ప్రతి ప్రమోషన్‌కూ వీధంతా లడ్లు పంచింది. ఇన్నేళ్ళూ దీపం పెట్టి దేవుణ్ణి అడిగింది మాత్రం ఇదా! కోపం తన్నుకొచ్చింది. నా కడుపు కొట్టినావు గదమ్మా అని అరవబోయాను.

లోపలినుంచి వచ్చిన నాయన నా భుజం పట్టుకున్నాడు. “దాని మీద అరవాకప్పా. ఆకాశంలో ఇమానం సప్పుడైతే సాలు, అది తినే కూడు ఇడిసిపెట్టి లేస్తాది. అది మనోడిది కాదే అంటే ఇనదు. ఈ సంగతి నీకు సెప్పొద్దని ఒట్టేయించుకునింది.”

నాకు నిజంగా తెలియదు. సెలవుల్లో వచ్చినప్పుడు పల్టీలు ఎలా కొట్టిస్తానో చేతులు తిప్పి మరీ చూపించేవాణ్ణి. ఆమె నవ్వుతూ వినేది.

మర్నాడు ముగ్గురం కొండకు పోయాం. కల్యాణకట్టలో తల వంచుకుని కూర్చున్నాను. ఒకటి అడుగుదామని వచ్చి, అది పోయినందుకు తల ఇస్తున్నాను. లేచి వెళ్ళిపోదామని కూడా అనిపించింది. అమ్మ ఎదురుగా చేతులు జోడించి నిలబడి ఉంది. కత్తి ఆడింది.

అయిపోయాక అమ్మ తన చేత్తో నా తలకు గంధం రాసింది.

“మల్లీ ఎక్కవు గదా?”

“ఎక్కనుమా.”

ఆ మాట అన్నాక నా ఏడుపు ఆగలేదు. అది భక్తి అనుకుని, అమ్మ కూడా సంతోషంతో నాతోపాటు ఏడ్చింది.