మామ నోట ‘అవసరం లేదు’

మీ ఇంట్లో ఎవరైనా ‘అవసరం లేదు’ అంటే, ఆ మాటను మీరు ఏ భాషలో వింటారు? చెప్పండి! తెలుగులోనా, అరవంలోనా?

మా మామ పోయారు. పోయిన ఆదివారం తెల్లారి, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగింది. మా మేనత్త పెనిమిటి. నెల్లితోపు మీదుగా టౌను బస్సు తోలి రిటైరైన మనిషి.

ఆ బస్సెక్కినవాళ్లకు ఆయన కేక గుర్తుండే ఉంటుంది. స్టాపులో జనం ఎగబడితే అద్దంలో చూసి, “బండి నిలిచినాక ఎక్కండి, అవసరం లేదు!” అనేవారు. అరవంలో అవసరం అంటే తొందర. తెలుగులో అక్కర. తరాలుగా ఈ అరవ ఊళ్లో ఉన్న మన తెలుగిళ్లలో రెండర్థాలూ ఒకే నోట్లో కాపురం చేస్తాయి. ఏ పూట ఏది బయటికొస్తుందో మనకే తెలియదు.

రిటైరవడానికి కొన్నేళ్ల ముందు ఆయనకు ఏదో అయింది. డ్యూటీకి బయల్దేరి, ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండో చెప్పు వంక చూస్తూ గడప మీద కూర్చుండిపోయేవారు. నిద్ర లేదు. చేపల పులుసంటే ప్రాణమిచ్చే మనిషికి ఆ పులుసే గడ్డి అయింది. ఊరందర్నీ నవ్వించినాయన, ఇంట్లో ఎవరు నవ్వినా కసురుకునేవారు. పక్షం గడిచింది, నెల గడిచింది. ఇంటికొచ్చినవాళ్లు తలా ఒక వైద్యం చెప్పారు. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు శని అన్నారు. ఇంకొకరు, “సోంబేరితనం, లేచి పని చూసుకో” అన్నారు. పని చూసుకోవడానికే కదయ్యా ఆ మనిషి చెప్పు తొడుక్కుంది!

“ఆస్పత్రికి పోదామా?” అని అత్త అడిగితే “అవసరం లేదు” అన్నారు. ఇంటిల్లిపాదీ దాన్ని తెలుగులో విన్నారు. వద్దంటున్నాడు కదా అని వదిలేశారు.

చివరికి అత్తే ఉండబట్టలేకపోయింది. ఒక పొద్దున ఆ రెండో చెప్పు తనే ఆయన కాలికి తొడిగి, “ఏంది నీ అవసరం లేదు? లెయ్యి, పోదాం” అంది. లేచారు. ఆటోలో అత్తతో అన్నారట: “తొందర లేదన్నానే గానీ వద్దన్నానా? మళ్లీ ఒక్కరన్నా అడిగితిరా?”

మామే ఈ సంగతి నాకు చెప్పారు. ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు.

డాక్టరు మాత్రలిచ్చి, వారం వారం కౌన్సెలింగుకు రమ్మన్నారట. ఆ గదిలో ఏం చేస్తారు మామా అని అడిగాను. గుళ్లో ప్రవచనం చెప్పి వస్తున్నానేమో, నా చంకలోని గ్రంథం చూసి నవ్వారు.

“నువ్వు గంట మాట్లాడతావు, ఎవురూ వినరు. ఆ గదిలో డాక్టరు పాప గంట వింటది, నేను మాట్లాడతా.”

“అంతేనా?”

“నేనెందుకూ పనికిరానన్నా. అట్లని ఎవురు చెప్పినారని అడిగింది. యోచన చేస్తే ఎవురూ చెప్పలా, నా బుర్రే చెప్తా ఉండాది! మళ్లీ వారానికి పని పెట్టింది. పొద్దున్నే టీకొట్టు దాకా నడువు, ఒక మనిషితో ఒక మాట మాట్లాడు అని. అంత బస్సు తోలినోడికి టీకొట్టు కొండైపాయ అల్లుడా!”

నేను ఊరుకుంటానా? గ్రంథం తెరిచాను. యుద్ధానికొచ్చిన వీరుడికి నోరెండింది, ఒళ్లు వణికింది, విల్లు జారింది, రథంలోనే కూలబడ్డాడు. సోమరా అతను? పిరికివాడా? అతని దుఃఖానికి గ్రంథం ఒక అధ్యాయమే ఇచ్చింది! సారథి తర్వాత మందలించాడు, నిజమే. కానీ ముందు మొత్తం విన్నాడు.

మామ తొడ చరిచారు. “తోలేవోడు బండి ఆపి, వెనక్కి తిరిగి విన్నాడా? అది మా డిపార్ట్‌మెంటు, సామీ!”

బాగవడం తిన్నగా సాగలేదు. నడుమ డాక్టరుకు చెప్పకుండా మాత్రలు మానేసి మళ్లీ పడ్డారు, అత్త మళ్లీ తీసుకుపోయింది. “కొందరికి బండి కదలదు. కొందరికి బ్రేకు పడదు, నిద్ర లేకుండా ఎగిరెగిరి ఆనక దబ్బున పడతారు. రెండూ రిపేరే. రిపేరుకు సిగ్గేంది?” అనేవారు. తేరుకున్నాక ప్రతి మంగళవారం ఎవరినో ఒకరిని ఆ గది దాకా వెంటబెట్టుకుపోయేవారు. లోపలికి మాత్రం వెళ్లేవారు కాదు. వాళ్ల చెప్పులకు కాపలా అంటూ బయట బెంచీ మీద కూర్చునేవారు.

ఒర్లియంపేటలో మా చెల్లెలి కూతురు బాలింత. బిడ్డ ఏడ్చినా గోడవైపు తిరిగే పడుకుంటోంది. మామ వెళ్లి అడిగితే “అవసరం లేదు తాతా” అంది. “సరేమ్మా, మంగళవారం మళ్లీ అడుగుతా” అని వచ్చారు. ఆ మంగళవారానికి ఆయన లేరు.

మావాళ్లేమో ముందు కర్మలు కానివ్వు, తర్వాత చూద్దామంటున్నారు. చావింటి కాళ్లతో బాలింత గడప తొక్కకూడదట! ఆ పిల్ల గోడవైపు తిరిగి ఏమనుకుంటోందో ఎవరికి తెలుసు? చచ్చిపోతానన్న మాట ఎవరి నోటైనా వస్తే గడియ కూడా ఒంటరిగా వదలకూడదని, అప్పటికప్పుడే ఆస్పత్రికి తీసుకుపోవాలని మామ చెప్పలేదా?

ఈ పొద్దున అత్త ఇంటికి పోయాను. మామ చెప్పులు ఇంకా గడప దగ్గరే, వీధివైపు తిరిగి ఉన్నాయి. అత్త వాటిని చూసింది, నా కాళ్లు చూసింది.

“నీకు సరిపోతాయి. వేసుకోని పో” అంది.

ఒర్లియంపేటకు పోతున్నాను. మీరూ లేవండి! మీ ఇంట్లో గోడవైపు తిరిగిన మనిషి ఎవరు? ఒకసారి అడిగి వదిలేశారా? తెలుగు చదవడం రాని పక్కింటివాళ్లకు ఇది చదివి వినిపించి, పక్కన పెట్టండి. చెప్పులు తొడుక్కోండి. ఈ రోజే మళ్లీ అడగండి, వెంట నడవండి. అవసరం! రెండు భాషల్లోనూ అవసరం!