పెద్దమ్మ ఎత్తిన చెంబు

"ఎవరప్పా చెప్పింది?" అనేది మా పెద్దమ్మ మాట. మా ఊరు కెలమంగలంలో ఆ మాటకు జవాబు చెప్పి గెలిచినవాళ్లు లేరు.

తొంభైల్లో, పెద్దనాన్న పోయిన మరుసటి ఏడు, కొండ దేవుడి నెల పెరటాసిలో తిరుపతికి నడిచి పోతానంది. మా వైపు కొండకు పోయే ముందు ఇంటి మగవాడు చెంబుకు నామం పెట్టి, గడపగడపకూ పోయి బియ్యం అడుక్కోవాలి. బియ్యం వేసినవాళ్ల దండం కూడా ఆ చెంబుతో కొండకు పోతుందని నమ్మకం.

"మొగుడు లేని ఆడది చెంబెత్తేది యాడన్నా ఉందా వదినా? నేను ఒప్పుకోను," అన్నాడు మా నాన్న.

"ఎవరప్పా చెప్పింది?"

శనివారం పొద్దున, పట్టుపురుగులకు ఆకు కోసి కోసి నల్లబడిన వేళ్లతో తనే చెంబుకు నామం దిద్దింది. నేరుగా మా గడప ముందుకే వచ్చి, వీధి అదిరేలా "గోవిందా!" అని అరిచింది.

గోవిందా అన్నవాళ్లను వట్టి చెంబుతో పంపే ఇల్లు మా ఊళ్లో లేదు. వీధంతా మా నాన్ననే చూస్తోంది. ఆయన లోపలికి పోయి, దోసిట బియ్యం తెచ్చి, తల ఎత్తకుండా చెంబులో పోశాడు.

పెద్దమ్మ కదల్లేదు.

"దండం పెట్టప్పా, నీది కూడా మోసుకోని పోవాల కదా! బిరీన పెట్టు, ఇంకా ఊరంతా తిరగాల నేను."