పచ్చగా తిరిగిన చుక్క

మా అక్క మోకాళ్ళు బిగుసుకుపోవడం తలరాత అని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తలరాత కాదు, నీళ్ళు. ఆ నీళ్ళను పరీక్షించిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఇంకెవరూ రాయరు కాబట్టి రాస్తున్నాను.

పాత బోరులో ఫ్లోరైడ్ ఎక్కువ, నీళ్ళు మార్చకపోతే అక్క మంచాన పడుతుందని డాక్టరు చెప్పాడు. బావ చేనులో కొత్త బోరు వేయించాడు. ఉరవకొండ పక్కన మా పల్లెలో నీళ్ళు పడడమే పండగ. గంగమ్మకు పూజ చేసి, పట్టిన తొలి బిందెలో పసుపు కలిపారు.

నేను పిలిస్తే ఒక కాలేజీ అమ్మాయి నీళ్ళలో ఫ్లోరైడ్ చూసే చిప్పులు తెచ్చింది. తపాలా బిళ్ళంత ప్లాస్టిక్ ముక్క, లోపల వెంట్రుకంత కాలువలు, వాటిలో ఎర్రటి మందు. గ్రంథాలయంలో వీటి గురించి చదివి ఉన్నాను, ఊరుకోలేక అందరికీ వివరించాను. పంపు లేకుండానే చుక్క తనంతట తాను పాకుతుంది. అంత సన్నటి దారిలో నీళ్ళూ మందూ పక్కపక్కనే నడుస్తాయి గానీ తొందరగా కలవవు, అందుకే ఈ మెలికలు. చివర ఎరుపు నిలిస్తే మంచినీళ్ళు. పసుప్పచ్చగా తిరిగితే తాగకూడదు.

బావ బిందెలోంచే చుక్క వేయించాడు. పచ్చగా తిరిగింది.

"పసుపు కలిపిన నీళ్ళు కదా బావా, ఈ రంగును నమ్మలేం," అన్నాను.

"ఏమప్పా, గంగమ్మ పసుపుకే మీ మిషన్ బెదిరిపాయనా?" పక్క చేనాయన నవ్వాడు.

అమ్మాయి ఈసారి పైపు దగ్గరే నీళ్ళు పట్టి కొత్త చిప్పులో వేసింది. చుక్క మెలికలు దాటుతుంటే అందరూ వంగి చూశారు. మళ్ళీ పచ్చనే.

"బావా, దీంట్లో పసుపు లేదు."

"పసుపని నువ్వే చెప్తివి కదప్పా! పైపుకు పూసింటిమి, అదే."

"పూసింది బయట. నీళ్ళొచ్చేది లోపలినుంచి."

"లైబ్రరీలో చదివినోనివి, అన్నీ తెలుసు నీకు. మంచినీళ్ళు యాడుండాయో చెప్పు, ఆడే తవ్విస్తా."

అందరూ పకపకా నవ్వారు. బావ చెంబు నింపి అక్కకు అందించాడు. అక్క నా వైపు చూసింది. వద్దని తల ఊపాను. జనమంతా ఆమెనే చూస్తున్నారు.

"పసుపేలేరా," అని గటగటా తాగేసింది.

ఇప్పుడు ఆమె మంచం దిగలేదు. బావ రోజూ ఆ బోరు నీళ్ళే చెంబుతో తలాపున పెడతాడు, ప్రేమగానే.

సాయం చేసినవాళ్ళ పేర్లు రాయొద్దని అక్క ఒట్టు పెట్టించుకుంది. పేర్లు లేకుండానే చెబుతాను. తలుపులు మూసే వేళైనా నన్ను లేపని లైబ్రేరియన్ గారికి, ఆ రోజు ఎగతాళి చేసినా రెండో చిప్పు తీసిన అమ్మాయికి, నేనన్న మాటనే పట్టుకుని నా నోరు మూయించిన బావకు, ఇదంతా పడుకునే విని, "ఆయన్ని చెడ్డోన్ని చేయొద్దురా" అన్న మా అక్కకు కృతజ్ఞతలు.