అలిగిన స్విచ్చి

హొరేస్ బ్రాడ్‌బెంట్‌కి ఉన్న జబ్బు ఒక్కటే: ఏ మరమ్మతునూ పూర్తి కానివ్వడు. యార్క్‌షైర్‌లోని అతని ఇంటి గేటుకి సగమే రంగు. వంటింటి గడియారం ముల్లు లేకుండానే టిక్కుటిక్కుమంటుంది. భర్త అన్నాక ఏదో ఒకటి ఉంటుందిలే అని ఎనిడ్ అన్నీ భరించింది. భరించలేనిది కారు హీటరు.

ఆ కారు వాళ్ళ పెళ్ళికన్నా పాతది. పేరు డచెస్. ఇంజను బంగారం. వేడిగాలి ఊదే పంకా కూడా బంగారమే. దాన్ని తిప్పే స్విచ్చితోనే చిక్కు. డాష్‌బోర్డు మీద నల్లటి బొడిపె, లాగితే ఒకనాడు పలికేది, వారమంతా పలికేది కాదు.

"చెడిపోయిందా?" అని ఎవరడిగినా హొరేస్‌కి కోపం. "చెడిపోవడమేమిటి? అలిగింది."

"అయితే కొత్తది పెట్టించు. నా మోకాళ్ళు గడ్డకట్టాయి," అనేది ఎనిడ్, ఒళ్ళో దుప్పటీ, దాని కింద వేడినీళ్ళ సంచీ పెట్టుకుని.

"నువ్వూ అలుగుతావు. నిన్ను మార్చానా?"

శనివారం తెల్లారితే చాలు, గోడ మీంచి హొరేస్ కేక. "సిరిల్! మళ్ళీ అలిగిందయ్యా! నా మొద్దు వేళ్ళు ఆ సందులో పట్టవు."

పక్కింటి సిరిల్ మాట్లాక్ రేడియోలు బాగుచేసి రిటైరైన మనిషి. కిందటి వసంతంలో భార్య పోయాక కిటికీ తెరలు తీయడం కూడా మానేశాడు. అయినా స్విచ్చి అనేసరికి సణుక్కుంటూ వచ్చేవాడు. ఇద్దరూ డాష్‌బోర్డు కింద తలలు దూర్చి, కాళ్ళు బయటపెట్టి వాదించుకునేవాళ్ళు.

"తీగ ఊడిందోయ్."

"మొన్న బిగించాంగా?"

"నువ్వు బిగించావా, బుజ్జగించావా?"

ఆ పైన టీ, ఎనిడ్ చేసిన అల్లం కేకు. పంకా బుర్రుమనేది. మర్నాడు చర్చికి బయల్దేరే వేళకి మళ్ళీ మౌనం.

కొత్త సంవత్సరం రోజున పాత కార్లవాళ్ళంతా వరసగా విట్బీ దాకా పోయి, సముద్రపు గాలిలో చేపా చిప్సూ తిని రావడం ఆనవాయితీ. "ఈసారి హీటరు లేకపోతే మా చెల్లెలి కొత్త కారులో వెళ్తా," అని ఎనిడ్ సిరిల్ ఎదుటే తేల్చి చెప్పింది.

సిరిల్‌కి పౌరుషమొచ్చింది. స్విచ్చి ఊడదీసి, లోపలి రాగి రేకుల్ని గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, తీగకి టంకం వేసేశాడు. "ఇక ఏనుగు లాగినా రాదు తల్లీ!"

ఎనిడ్ చప్పట్లు కొట్టింది. హొరేస్ ముఖం మాత్రం పెళ్ళికి పిలవని చుట్టంలా అయింది. ఎందుకబ్బా అని ఆమె అతని మీద ఓ కన్నేసి ఉంచింది. మర్నాడే కారులో దొరికిపోయాడు, చేతిలో పట్టకారుతో.

"హొరేస్!"

డాష్‌బోర్డుకి తల ఠంగుమంది. "తీగ... కాస్త వదులు చేస్తున్నా."

"ఇన్నాళ్ళూ నువ్వేనా? నా మోకాళ్ళు?"

"ఏం చెయ్యమంటావు? సిరిల్‌ని టీకి రమ్మంటే 'నాకేం, బాగానే ఉన్నా' అని తలుపేసుకున్నాడు. బాగాలేదని మన యార్క్‌షైర్ వాళ్ళు చచ్చినా అంటారా? చెడిపోయింది చూపిస్తేనేగా గడప దాటేది!"

"గేటు చూపించలేకపోయావా?"

"చూపించా. రేడియో మనిషి కదా, తీగ ఉంటేగానీ కదల్లేదు."

ఈ చాదస్తపు మనిషిని కట్టుకున్నందుకు ఎనిడ్‌కి మొదటిసారి గర్వం కలిగింది. మోకాళ్ళకి మాత్రం కలగలేదు. పట్టకారు లాక్కుని, "విట్బీ నుంచి వచ్చేదాకా ముట్టుకున్నావో!" అంది. అని ఊరుకోక, గోడ దగ్గరికి వెళ్ళి, "సిరిల్, నువ్వూ రావాలి. దారిలో అలిగితే ఎవరు చూస్తారు?" అని కేకేసింది.

దారంతా డచెస్ వెచ్చగా ఉంది. వెనక సీట్లో సిరిల్ చాలాకాలం తర్వాత ఈల వేశాడు.

తర్వాతి శనివారం ఎనిడ్ తనే పట్టకారు పట్టుకుని తీగ కటుక్కున తెంపింది. "సిరిల్! మళ్ళీ అలిగింది!"

అతను కోటు తొడుక్కునే ఉన్నాడు, చేతిలో టార్చితో సహా. డాష్‌బోర్డు కిందికి దూరి, తెగిన తీగని చాలాసేపు చూశాడు. తర్వాత ఎనిడ్ చేతిలో పట్టకారుని చూశాడు.

"ఈసారి గట్టిగా అలిగినట్టుందమ్మా," అన్నాడు. "వసంతం దాకా పట్టొచ్చు. కేకు ఉందా?"